తెల్లవాడి ఈగ

1621 డిసెంబరు మొదటి వారంలో లండన్‌లోని వర్జీనియా కంపెనీ పెద్దలు అట్లాంటిక్‌కు ఆవల ఉన్న తమ వలసకు ఒక ఉత్తరం రాశారు. ఓడల్లో పంపుతున్న సరుకుల జాబితా ఆ ఉత్తరంలో ఉంది: అన్ని రకాల విత్తనాలు, పళ్ళమొక్కలు, పావురాలు, కుందేళ్ళు, నెమళ్ళు, కావలికుక్కలు, వాటితోపాటు తేనెటీగల గూళ్ళు. 1622 వసంతంలో అవి వర్జీనియా తీరం చేరాయి. ఉత్తర అమెరికాకు తేనెటీగ రాకను గురించి మనకు దొరికే తొలి లిఖిత ఆధారం ఇదే.

ఆ ఈగలు తీరంలో ఆగిపోలేదు. ఏటా పాత గూడు వదిలి గుంపులుగా లేచిపోయి, చెట్టు తొర్రల్లో కొత్త కాపురాలు పెట్టుకుంటూ, వలసదారుల కంటే ముందే అడవుల్లోకి పాకాయి. యూరప్ నుంచి వచ్చిన ఆపిల్ చెట్లూ క్లోవర్ గడ్డీ వాటి వెనకే వ్యాపించాయి. 1785లో అచ్చయిన 'నోట్స్ ఆన్ ది స్టేట్ ఆఫ్ వర్జీనియా' అన్న గ్రంథంలో థామస్ జెఫర్సన్ ఈ ఈగ అమెరికాది కాదని స్పష్టంగా రాశాడు. మూలవాసులు దానిని 'తెల్లవాడి ఈగ' అంటారనీ, అది కనబడితే తెల్లవారి ఊళ్ళు దగ్గరపడుతున్నాయని గ్రహిస్తారనీ నమోదు చేశాడు.

'తేనెటీగలను కాపాడాలి' అన్న మాట ఈనాడు పచారీ దుకాణాల సంచుల మీద కూడా కనబడుతుంది. మాట మంచిదే. అయితే ఏ ఈగను కాపాడాలి, దేని నుంచి కాపాడాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ సంచి మీద ఉండదు. జవాబు వెతకడానికి తెల్లవాడి ఈగ అమెరికాలో గడిపిన నాలుగు శతాబ్దాలు మంచి ఆధారం. ఈగలకు మేలు చేస్తున్నామనుకుంటూ, వాటితో మేలు పొందుతున్నామనుకుంటూ మనిషి వేసిన ప్రతి అడుగూ తరువాతి చిక్కుకు ఎలా దారి తీసిందో ఆ చరిత్ర చూపిస్తుంది.

పేరులేని ఈగలు

తెల్లవాడి ఈగ రాకముందు అమెరికాలో పూలు ఎలా కాయలయ్యాయి? ఉత్తర అమెరికాలో దాదాపు 4,000 జాతుల స్థానిక ఈగలు ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద 20,000కు పైగా జాతులు ఉన్నాయి. పువ్వు నుంచి పుప్పొడి సేకరించి పిల్లలకు ఆహారంగా పెట్టడం వీటిలో చాలావాటి లక్షణం. కాని తేనెను నిలవ చేసుకునేవి, రాణి చుట్టూ వేలసంఖ్యలో కాపురముండేవి వీటిలో చాలా కొద్ది. మిగిలినవి ఎక్కువగా ఒంటరి జీవులు. ఒక్కో ఆడ ఈగ తన గూడు తానే కట్టుకుని, గుడ్డు పక్కన పుప్పొడి ముద్ద పెట్టి, ద్వారం మూసి వెళ్ళిపోతుంది. సుమారు డెబ్భై శాతం జాతులు నేలలో బొరియలు తవ్వుకుంటాయి. తక్కినవి ఎండిన కాడల్లో, పుచ్చిన కొయ్యల్లో ఉంటాయి.

నిజానికి ఉత్తర అమెరికాలోనూ ఒకప్పుడు తేనెటీగ ఉండేది. నెవాడా రాష్ట్రంలో దొరికిన సుమారు కోటీ నలభై లక్షల ఏళ్ళనాటి శిలాజం అలాంటి ఈగదేనని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ జాతి అంతరించింది. మనిషి ఆ ఖండంలో అడుగుపెట్టేనాటికి అక్కడ తేనెటీగ లేదు. మధ్య అమెరికాలో మాయా ప్రజలు కుట్టని చిన్న ఈగలను బోలు దుంగల్లో పెంచి తేనె తీసేవారు. ఆ పెంపకం యుకటాన్ ద్వీపకల్పంలో ఇప్పటికీ ఉంది. ఉత్తరాన మాత్రం తేనె కోసం ఈగను పెంచిన ఆచారం లేదు.

అయినా అక్కడ పంటలు పండాయి. తెలుగువారు తియ్యగుమ్మడి అని పిలిచే కాయ అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. బూడిదగుమ్మడి ఆసియాది, తియ్యగుమ్మడి అమెరికాది. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. బరువైన, జిగటైన ఆ పుప్పొడిని గాలి మోయలేదు. ఆ పని చేసేది గుమ్మడి జాతి పూల పుప్పొడి మీదే బతికే ఒక ఒంటరి ఈగ. మూలవాసి రైతులు గుమ్మడి విత్తనాన్ని మెక్సికో ప్రాంతం నుంచి ఉత్తరానికీ తూర్పుకూ తీసుకువెళ్ళిన కొద్దీ, ఆ ఈగ పంట వెంటే కొత్త నేలలకు విస్తరించిందని 2016లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చింది. దానినెవరూ పెట్టెల్లో పెట్టి మోయలేదు. పంట వెళ్ళింది, ఈగ వెంట వెళ్ళింది.

తెలుగులో ఈ గుమ్మడి ఈగకు పేరు లేదు. తేనెకు ఈగ చేరి తేనెటీగ అయింది. పాతమాట జుంటీగ కూడా తేనె ఈగకే చెల్లుతుంది. నల్లగా బొద్దుగా ఉన్నది తుమ్మెద, కుట్టేది కందిరీగ. మిగిలినవన్నీ 'ఏదో ఈగ'. తేనె ఇచ్చిన దానికే భాష పేరు పెట్టింది. ఇది తెలుగుకు మాత్రమే పరిమితమైన సంగతి కాదు. మనిషి వేల ఏళ్ళపాటు ఈగను తేనెతోనూ మైనంతోనూ కొలిచాడు. పేరున్న దానికే రక్షణ గురించిన ఆలోచన కూడా దక్కింది.

ఎనిమిదింట మూడు వంతుల అంగుళం

పందొమ్మిదో శతాబ్దం నడుమ వరకు యూరప్, అమెరికాలలో తేనెటీగల పెంపకమంటే ఒక విధమైన వేటే. గడ్డితో అల్లిన బోర్లించిన బుట్టలోనో, బోలు దుంగలోనో ఈగలు పట్టు పెట్టుకునేవి. పట్టు గోడలకు అతుక్కుపోయి ఉండేది. తేనె తీయాలంటే దానిని కోసి, గూటిని పాడుచేయక తప్పేది కాదు. చాలాచోట్ల గంధకం పొగ పెట్టి ఈగలన్నిటినీ చంపి తేనె తీసుకునేవారు. లోపల ఏం జరుగుతోందో చూడడానికి వీలుండేది కాదు.

ఆ చీకటి గూటిలోకి తొలి చూపు సారించిన వారిలో స్విట్జర్లాండుకు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ ఒకడు. అతడు అంధుడు. సహాయకుడు బుర్నెన్స్ కళ్ళతో చూసి, పుస్తకం పేజీల్లా విప్పుకునే గూడును తయారుచేయించి, పద్దెనిమిదో శతాబ్దం చివరలో రాణీగ జీవితాన్ని వెల్లడించాడు. కాని ఆ గూడు పరిశోధకుడి బల్ల మీదికి తగినదే తప్ప రైతు పెరట్లోకి రాలేదు.

రైతు పెరట్లోకి గూడును తెచ్చినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన క్రైస్తవ మతబోధకుడు లొరెంజో లాంగ్‌స్ట్రాత్. తరచూ మానసిక వ్యాకులతతో బాధపడిన ఆయనకు ఈగల పెంపకం ఊరట. 1851 శరదృతువులో ఆయన ఒక చిన్న సంగతి గమనించాడు. గూటిలో ఏ రెండు భాగాల మధ్యనైనా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల ఖాళీ ఉంటే ఈగలు దానిని నడకదారిగా వదిలేస్తాయి. అంతకంటే ఇరుకైతే చెట్ల జిగురుతో పూడుస్తాయి. అంతకంటే వెడల్పయితే అక్కడ పట్టు కడతాయి. ఆ కొలత ప్రకారం పెట్టెలో కొయ్యచట్రాలు వేలాడదీస్తే అవి గోడకు అతుక్కోవు. పుస్తకాల అరలోంచి పుస్తకం తీసినట్టు ఒక్కో చట్రాన్నీ బయటికి తీయవచ్చు. 1852 అక్టోబరులో ఆయనకు పేటెంటు వచ్చింది. దానిని లెక్కచేయకుండా ఊరూరా అందరూ ఆ పెట్టెను అనుకరించారు. ఆయనకు డబ్బు దక్కలేదు.

ఆ తరువాత పనులు వేగంగా సాగాయి. 1857లో యోహానెస్ మేరింగ్ మైనపు పునాది పలకను, 1865లో ఫ్రాంజ్ ఫాన్ హ్రుష్కా తేనెను విసిరి తీసే యంత్రాన్ని తయారుచేశారు. పట్టును పగలగొట్టకుండా తేనె తీసి, ఖాళీ పట్టును మళ్ళీ ఈగలకే ఇచ్చే వీలు కలిగింది. గంధకం పొగ అవసరం తీరింది. ఈగను చంపకుండా తేనె తీయడం నిస్సందేహంగా పెద్ద మేలు. అయితే లాంగ్‌స్ట్రాత్ పెట్టె మరొక పని కూడా చేసింది. ఈగల కాపురం ఒకే కొలతలున్న, ఒకదాని మీద ఒకటి పేర్చదగిన, రైలుకు ఎక్కించదగిన సరుకయింది. చట్రాలు ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు మారసాగాయి. చట్రంతోపాటు రోగం కూడా మారుతుందన్న సంగతి అనుభవం మీద గాని తెలియలేదు.

తేనె కాదు, పుప్పొడి

ఈగ చేసే అసలు పని మనిషికి చాలా ఆలస్యంగా తెలిసింది. కీటకాలు పుప్పొడిని మోస్తేనే కొన్ని పూలు కాయలవుతాయని జర్మనీలో యోసెఫ్ కోల్‌రాయ్టర్ 1761లో చూపించాడు. పువ్వు రంగు, వాసన, గీతలు, తేనె అన్నీ కీటకాన్ని రప్పించే ఏర్పాట్లని 1793లో క్రిస్టియన్ స్ప్రెంగెల్ ఒక పుస్తకం రాస్తే సమకాలికులు పెద్దగా పట్టించుకోలేదు. దాని విలువను లోకానికి చాటినవాడు డార్విన్. పరపరాగ సంపర్కం వల్ల పుట్టిన మొక్కలు బలంగా ఉంటాయని 1876 నాటి గ్రంథంలో ఆయన ప్రయోగాలతో నిరూపించాడు.

ఇది తోటల వ్యాపారంలోకి రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1890ల తొలినాళ్ళలో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు మెర్టన్ వైట్ వర్జీనియాలో పియర్ చెట్ల తెగులును పరిశీలిస్తూ, ఒకే రకం చెట్లు వేలసంఖ్యలో నాటిన తోటలో కాపు ఎందుకు రావడం లేదో కనిపెట్టాడు. ఆ రకం తన పుప్పొడితో తాను కాయదు. పక్కన మరో రకం ఉండాలి, నడుమ ఈగ ఉండాలి. అప్పటినుంచి పెంపకందారుడి పెట్టెకు రెండో విలువ ఏర్పడింది. తేనె అమ్ముకోవడం ఒకటి, ఈగల పనిని అద్దెకివ్వడం మరొకటి.

పెట్టె ఎక్కడికైనా వెళ్ళగలదు కనుక ఈగ కూడా వెళ్ళింది. యూటాకు చెందిన నెఫై మిల్లర్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో తన పెట్టెలను చలికాలానికి రైలులో కాలిఫోర్నియా తీసుకువెళ్ళి, వసంతానికి వెనక్కి తెచ్చాడు. సంచార పెంపకానికి ఆయన్ను ఆద్యుడిగా చెబుతారు. తరువాత లారీలు, రహదారులు వచ్చాయి. ఈనాడు ప్రపంచపు బాదంలో సుమారు 80 శాతం కాలిఫోర్నియాలోనే పండుతుంది. బాదంలోనూ చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయవు. పైగా అవి ఫిబ్రవరిలో, చలి వదలని రోజుల్లో పూస్తాయి. ఎకరానికి రెండు పెట్టెలు కావాలన్నది స్థూలమైన లెక్క. లక్షల ఎకరాలకు సరిపడా ఈగల కోసం దేశంలోని పెట్టెల్లో సగానికి మించినవి ఆ కొద్ది వారాలకు ఒకే లోయలో చేరతాయి. ఆ తరువాత కొన్ని ఆపిల్ తోటలకూ కొన్ని బ్లూబెర్రీ పొలాలకూ వెళతాయి. ఏటా జరిగే ఈ జాతరలో ఫ్లోరిడా ఈగా డకోటా ఈగా పక్కపక్కన మేస్తాయి. ఒకదాని జబ్బు మరొకదానికి అంటుతుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని సరిచేయాలి. తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్ళకు మించి బతకడని ఐన్‌స్టీన్ అన్నట్టు ప్రచారంలో ఉన్న మాటకు ఏ ఆధారమూ లేదు. వరి, గోధుమ, మొక్కజొన్న గాలితోనో స్వయంగానో పరాగ సంపర్కం జరుపుకుంటాయి. అన్నం ఎక్కడికీ పోదు, పోయేది అన్నంలోకి కలుపుకునేది. ప్రపంచపు ముఖ్యమైన 115 పంటల్లో 87 ఎంతో కొంత జంతువుల పరాగ సంపర్కం మీద ఆధారపడినవని 2007 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. పరిమాణంలో చూస్తే అవి మొత్తం ఉత్పత్తిలో 35 శాతం. తెలుగువారి వంటింట్లో చూస్తే సొర, బీర, కాకర, పొట్ల, దోస, గుమ్మడి ఒక్కటీ పుప్పొడి మోసే పురుగు లేనిదే పిందె దిగదు. ఆవాలు, ధనియాలు, పొద్దుతిరుగుడు, మామిడి కూడా ఎంతో కొంత ఆ పురుగులకు రుణపడినవే. ఆకలి తీరుతుంది కాని పోషణ, రుచి, రైతు ఆదాయం దెబ్బతింటాయి.

జావా నుంచి వచ్చిన నల్లి

1904లో డచ్చి శాస్త్రజ్ఞుడు ఔడెమాన్స్ జావా దీవి నుంచి వచ్చిన ఒక ఎర్రటి నల్లికి పేరు పెట్టాడు. తేనెటీగల పెంపకం గురించి కూడా రాసిన ప్రాచీన రోమన్ పండితుడు వారో పేరు మీదుగా దానిని 'వరోవా' అన్నాడు. ఈగలను ప్రేమించినవాడి పేరు ఈగల బద్ధశత్రువుకు స్థిరపడడం చరిత్రలోని ఒక వింత.

వరోవా పుట్టుక నుంచి ఆసియా తేనెటీగ మీద బతికేది. శాస్త్రజ్ఞులు ఏపిస్ సెరానా అనే ఈ ఈగ తెలుగునాట చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో పట్టు పెట్టే ఈగే. వేల సంవత్సరాల సహవాసంలో ఆ రెంటికీ ఒక ఒప్పందం కుదిరింది. నల్లి ప్రధానంగా పోతుటీగల పిల్లగదుల్లోనే పిల్లలు పెడుతుంది. కూలీ ఈగలు ఒకదాని ఒంటి మీది నల్లిని మరొకటి తీసి కొరికేస్తాయి. గూడు బతుకుతుంది, నల్లి కూడా బతుకుతుంది.

యూరప్ తేనెటీగ అయిన ఏపిస్ మెల్లిఫెరాను మనుషులు ఆసియాకు తరలించడంతో ఆ ఒప్పందం అవతలి పక్షం లేకుండా పోయింది. ఈ కొత్త ఈగకు నల్లిని పట్టుకోవడం చేతకాదు. నల్లి దాని కూలీ ఈగల గదుల్లోనూ పిల్లలు పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం నడుమ నుంచి పెట్టెల వెంట, రాణుల పార్సిళ్ళ వెంట అది రష్యా, యూరప్, దక్షిణ అమెరికాలకు పాకి, 1987లో అమెరికాలో బయటపడింది. ఇతర దేశాల ఈగల దిగుమతిని 1922లోనే చట్టంతో కట్టడి చేసిన దేశం అది. ఆస్ట్రేలియా మరో ముప్ఫైఅయిదేళ్ళు తప్పించుకుంది. 2022 జూన్‌లో న్యూకాసిల్ రేవు దగ్గర అక్కడ కూడా నల్లి దొరికింది.

ప్రపంచాన్ని చుట్టిన ఈ నల్లి జావాలో పేరు పెట్టిన నల్లి కాదనీ, దాని దాయాది జాతి అనీ 2000లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు అండర్సన్, ట్రూమన్ తేల్చి, దానికి 'వరోవా డిస్ట్రక్టర్' అని పేరు పెట్టారు. అది ఈగ రక్తం తాగుతుందన్న పాత నమ్మకాన్ని 2019లో శామ్యూల్ రామ్సే ప్రయోగాలు మార్చాయి. అది ప్రధానంగా తినేది ఈగకు కాలేయంలా పనిచేసే కొవ్వుకణజాలాన్ని. తింటూ తింటూ రెక్కలు ముడుచుకుపోయే వైరసును కూడా ఎక్కిస్తుంది. మందు వేస్తే కొన్నేళ్ళు పనిచేసింది, ఆ తరువాత నల్లి తట్టుకుంది. రెండో మందు వేశారు, దానినీ తట్టుకుంది. ఇప్పుడు మూడో మందు కూడా కొన్నిచోట్ల పనిచేయడం లేదు.

రెండుచోట్ల మాత్రం వేరే దారి కనిపించింది. రష్యా తూర్పుకొసన ఉన్న ప్రిమోర్‌స్కీ ప్రాంతపు యూరప్ ఈగలు అందరికంటే ముందు నల్లికి ఎదురుపడ్డాయి. అక్కడ బతికి బట్టకట్టిన సంతతిని 1997లో అమెరికా వ్యవసాయశాఖ తెప్పించి పరీక్షిస్తే, వాటిలో నల్లిని తట్టుకునే గుణం ఎక్కువగా తేలింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్నాట్ అడవిలో కార్నెల్ విశ్వవిద్యాలయపు థామస్ సీలీ 1978లో చెట్టు తొర్రల్లోని అడవి గూళ్ళను లెక్కించాడు. నల్లి వచ్చాక అవి పోయి ఉంటాయనుకుని 2002లో మళ్ళీ వెళితే, దాదాపు అంతే సాంద్రతలో గూళ్ళు కనబడ్డాయి. మందు వేసినవారెవరూ లేరు. దూరదూరంగా, చిన్న చిన్న తొర్రల్లో ఉన్న ఆ గూళ్ళలో బలహీనమైనవి చనిపోయి, తట్టుకోగలిగినవి మిగిలాయి. పక్కపక్కనే పేర్చిన పెట్టెల్లో దొరకనిది ఆ ఎడమే.

2006 తరువాత

2006 చలికాలంలో అమెరికా పెంపకందారులు వింత చూశారు. పెట్టెలో రాణి ఉంది, పిల్లలు ఉన్నారు, తేనె ఉంది, కూలీ ఈగలు లేవు. చచ్చిన ఒళ్ళు కూడా లేవు. ఆ ఉపద్రవం పత్రికల మొదటి పేజీలకెక్కింది. సెల్‌ఫోన్ తరంగాల నుంచి జన్యుమార్పిడి పంటల వరకు అన్నిటినీ అనుమానించారు. ఒక్క కారణం దొరకలేదు. నల్లి, వైరసులు, పురుగుమందులు, ఒకే పంట మేతగా ఉండడం, దూరప్రయాణాలు కలిసి ఈగను బలహీనపరిచాయన్నదే ఇప్పటికీ నిలబడిన వివరణ. ఆ వింత లక్షణం తరువాతి ఏళ్ళలో అరుదైంది. కాని గూళ్ళు చావడం ఆగలేదు. 2025 ఆరంభంలో కూడా చాలామంది వాణిజ్య పెంపకందారులు తమ పెట్టెల్లో సగానికి పైగా పోగొట్టుకున్నారు.

అయినా తెల్లవాడి ఈగ అంతరించిపోయే జీవి కాదు. చచ్చిన గూళ్ళ స్థానంలో బతికిన గూళ్ళను రెండుగా విడదీసి, కొత్త రాణులను పెట్టి, పెంపకందారులు లెక్క సరిచేసుకుంటున్నారు. ప్రపంచం మొత్తం మీద పెట్టెల సంఖ్య 1961 తరువాతి అర్ధశతాబ్దంలో సుమారు 45 శాతం పెరిగింది. కోడి ఎలా అంతరించదో, పెట్టెలోని తేనెటీగ కూడా అలాగే అంతరించదు. దాని కష్టం పశువుల కష్టం, దాని యజమాని కష్టం రైతు కష్టం. రెండూ నిజమైనవే. కాని అవి వన్యప్రాణి సంరక్షణ కిందికి రావు.

అంతరించిపోతున్నవి వేరే ఉన్నాయి. నడుము మీద తుప్పురంగు మచ్చ ఉన్న ఒక బంబుల్‌బీ, అంటే తుమ్మెదను పోలిన నూగు ఈగ, ఒకప్పుడు అమెరికా తూర్పు, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో విరివిగా ఉండేది. 1990ల చివరి నుంచి అది దాదాపు 87 శాతం ప్రాంతంలో కనబడకుండా పోయింది. 2017లో దానిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అంతకుముందు ఏడాది హవాయిలోని ఏడు జాతుల ఈగలు ఆ జాబితాకెక్కాయి. ఒరెగాన్, కాలిఫోర్నియా సరిహద్దుల్లో బతికిన ఫ్రాంక్లిన్ బంబుల్‌బీని 2006 తరువాత ఎవరూ చూడలేదు. దానికోసం ఏళ్ళతరబడి కొండలు తిరిగిన రాబిన్ థార్ప్, గాజుగదుల్లో టొమాటో పంటకోసం పెంచి తరలించిన బంబుల్‌బీల నుంచి అడవి ఈగలకు రోగం సోకి ఉంటుందని ఊహించాడు. అది పూర్తిగా రుజువు కాలేదు. కాని అది ఇక్కడ కూడా వినిపిస్తున్న పాత కథే: పెట్టె, ప్రయాణం, రోగం.

ఈ ఈగలు పోతే వాటి పనిని తేనెటీగ చేయలేదా? కొన్ని పనులు చేయలేదు. టొమాటో, వంగ పూలలో పుప్పొడి చిన్న రంధ్రమున్న గొట్టంలో దాగి ఉంటుంది. పువ్వును పట్టుకుని ఒళ్ళు కంపింపజేసే ఈగకే అది రాలుతుంది. బంబుల్‌బీకీ కొన్ని ఒంటరి ఈగలకూ ఆ విద్య తెలుసు, తేనెటీగకు తెలియదు. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన వివిధ దేశాల్లోని 41 పంట వ్యవస్థలను పరిశీలించింది. తేనెటీగలు ఎన్ని ఉన్నా, అడవి కీటకాలు ఎక్కువగా వచ్చిన చోట కాపు మెరుగుపడిందని అది చూపింది.

కాపాడడం అంటే

కనుక తేనెటీగలను కాపాడాలని పెరట్లో ఒక పెట్టె కొని పెట్టడం, పక్షులను కాపాడాలని కోళ్ళు పెంచడం లాంటిది. తేనె కోసం పెంచాలనుకుంటే శ్రద్ధగా నేర్చుకుని, నల్లిని లెక్కించుకుంటూ పెంచడంలో తప్పు లేదు. నేర్చుకోకుండా పెడితే ఆ పెట్టె చుట్టుపక్కల గూళ్ళకు నల్లి పంచే కేంద్రమవుతుంది. పూలు తక్కువగా ఉన్న చోట పెట్టెలు ఎక్కువైతే, వేల నోళ్ళున్న కాపురం ఒంటరి ఈగ మేతను ఊడ్చేస్తుంది.

అడవి ఈగకు కావలసినవి మూడే: వసంతం నుంచి శరత్తు వరకు ఏదో ఒక పువ్వు, గూడుకు చోటు, విషం లేని తిండి. విషం విషయంలో చట్టాలు కొంత కదిలాయి. మొక్కలోని ప్రతి భాగానికీ, పుప్పొడికి కూడా పాకే నియోనికోటినాయిడ్ మందుల్లో మూడింటిని ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పొలాల్లో నిషేధించింది. అమెరికాలో 2016లో మేరీలాండ్ ఇళ్ళలో వాడకాన్ని కట్టడి చేయగా, విత్తనాలకు పట్టించే మందుపై న్యూయార్క్ 2023లో చట్టం చేసింది. మొక్కలమ్మే దుకాణంలో ఈ మందు పట్టించిన మొక్కా అని అడగడం, పూత మీద ఏ మందూ చల్లకపోవడం చట్టం కోసం ఆగనవసరం లేని పనులు.

గూటి చోటు విషయంలో అమెరికా శివార్ల పచ్చని లాను పెద్ద అడ్డంకి. వారం వారం కోసే ఆ గడ్డిలో పువ్వు లేదు, తవ్వుకునే మట్టి లేదు. ఇంటి ముందు గడ్డి తప్ప మరేదీ ఉండకూడదనే కాలనీ సంఘాల నిబంధనలను 2021లో మేరీలాండ్ చట్టం సడలించింది. లానులో ఈగలకు పనికివచ్చే మొక్కలు వేసుకునే ఇంటివారికి మినెసోటా 2019 నుంచి సహాయధనం ఇస్తోంది. ఆ రాష్ట్రాల్లో లేనివారు కూడా లాను ఒక మూలను వదిలేయవచ్చు. ఆ ప్రాంతపు సొంత పూలమొక్కలు నాలుగు రకాలు నాటి, ఎండ తగిలే చారెడు నేలను గడ్డీ చెక్కపొట్టూ కప్పకుండా ఉంచి, శరత్తులో ఎండిన కాడలను వసంతం దాకా కోయకపోతే చాలు. పనులు పెరగవు, తగ్గుతాయి.

ప్రవాస తెలుగు కుటుంబాల పెరళ్ళలో వేసవి వచ్చేసరికి బీర, సొర, గుమ్మడి పాదులు పందిరెక్కుతాయి. పిందెలు రాలిపోతున్నాయని వేలితో పుప్పొడి అద్దేవారు ఉన్నారు. గుమ్మడి పాదు కింద నేలను లోతుగా దున్నకుండా, మందు చల్లకుండా రెండుమూడేళ్ళు ఉంచితే, ఆ శ్రమ తప్పించే ఈగ తనంతట తాను రావచ్చు. అది తెల్లవారుజామునే, తేనెటీగ లేవకముందే గుమ్మడిపూల దగ్గరికి వచ్చి, ఎండ ముదిరేలోగా పని ముగిస్తుంది. మధ్యాహ్నం ముడుచుకున్న గుమ్మడిపువ్వును మెల్లగా విప్పి చూస్తే, లోపల మగ ఈగ నిద్రపోతూ కనిపించవచ్చు. అది తేనె ఇవ్వదు, సాధారణంగా కుట్టదు. తెల్లవాడి ఈగ ఓడ దిగడానికి వేల ఏళ్ళ ముందు నుంచి అది ఆ గుమ్మడిపూలలోనే ఉంది.